భళా జంగన్నా

సిరోంచ బస్టాండు ఎదుటి క్యాసెట్ల దుకాణంలో తన గొంతే మోగుతుంటే, తత్వాలు పాడే ఆమె మురిసిపోతూ లోపలికి వచ్చింది.

"ఏంది తమ్మీ, పొద్దటిసంది నా క్యాసెట్టే ఏస్తున్నవు? గంత గిరాకా?"

"కొననీకె ఎవ్వలు రాలే అక్కా. ఆపద్దని హుకుం."

"ఎవల హుకుం? పాతోళ్ల తత్వాలే గదా నేను మల్ల పాడింది."

"పాటలతోని పంచాది లేదు. పిల్లంగోవి మొదలయ్యే ముంగట నువ్వొక పేరు పిలిచినవు."

"'భళా కమలాపూర్ జంగన్నా' అన్న. మన పాటకు వాయించనీకె వేరే ఊరినుంచి అచ్చినోన్ని పేరు పెట్టి మెచ్చుకోకుంటే మర్యాదేనా? పేరు వద్దని ఆయన మొత్తుకున్నడు గని, పాట ఊపుల మరిచిన."

"అడవిల అన్నలకు బువ్వ పెట్టిండని ఆయన కోసం ఏడాదిసంది దేవులాడుతుండ్రు. చాయ్ హోటల్ల కూసున్న ఆ ఇద్దరు మఫ్టీ పోలీసులదే హుకుం. ఆయన మొకం ఆళ్లకు ఎర్కలేదు, ఈ పాట ఇని ఎవడు ఇటొస్తే ఆన్నే పడ్తరు."

ఆమె గల్లాపెట్టె మీదికి వంగి గొంతు తగ్గించింది.

"ఆయన ఇయ్యాల్నే అల్లపల్లి బస్సుల అస్తుండు. తన ఊదుడు తనింకా ఇననేలేదని నేనే కబురు పెట్టిన. జర బంజెయ్యి తమ్మీ!"

"బంజేస్తే నన్ను గుంజుకపోతరు."

అల్లపల్లి బస్సు వచ్చి ఆగింది. ఆమె గుమ్మం వైపు కదిలింది.

"బయటికి పోకక్కా. నిన్ను చూసిండంటే నవ్వుకుంట ఇటే ఉరికొస్తడు."