ఖాళీ మంచాల వార్డు

1971 డిసెంబరు. సంగారెడ్డిలో ఒక దవాఖాన వరండా. కంపౌండరు సుందర్‌రాజు, కొండాపూర్ నుంచి జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన రహీమున్నీసా.

“మళ్లొచ్చినవా బీబీ? లోపల మంచం లేదని చెప్తి గదా!”

“లేకపోవుడేంది కంపౌండర్ సాబ్? కిటికీల నుంచి సూసిన. అన్నీ ఖాళీనే. తెల్ల దుప్పట్లు గూడ పరిచిన్రు.”

“అవి దెబ్బలు తాకిన జవాన్లకు. లడాయి నడుస్తుంది, ఎరికె లేదా?”

“ఎరికె లేకేం? లడాయి ఢాకా కాడ. ఆడ దెబ్బ తాకినోళ్లు సంగారెడ్డి దాంక నడిచొస్తరా?”

“ఎప్పుడొస్తరో ఎవలకెరుక! తయ్యారుగ ఉండాలె. పటాన్‌చెరు సేట్లు చందాలేసి రోజూ పాలు, డబల్‌రొట్టె పంపుతున్నరు.”

“జవాన్లు రాకపాయె. గా పాలు ఎవలు తాగుతున్నరు?”

“అంటే... ఉంచితె ఇరిగిపోతయి గదా.”

“అయ్యో, దేశం కోసం ఎంత కష్టపడుతున్నవు సాబ్! మీసాలకు మీగడ అంటింది, తుడుసుకో.”

“పరాష్కాలొద్దు!”

“పరాష్కం గాదు. నా ఫజలుద్దీన్ ఈ బండల మీద సలికి వణుకుతున్నడు. ఒళ్లు కాలుతుంది. గుక్కెడు పాలు పోసే దిక్కు లేదు. పాణం పోతదేమోనని భయమైతుంది సాబ్. వాడు గూడ ఫౌ—”

“ఎవలైతేంది! లుంగీ కట్టుకొని వచ్చినోనికి గా వార్డుల జాగ లేదు.”

“జెర నా మాట—”

“ఒక్క మాట గూడ వద్దు. రూలు రూలే!”

మర్నాడు పొద్దున, అదే వరండా.

“బీబీ, ఓ బీబీ! జల్దీ లే. నీ కొడుకును లోపలికి తీస్కపోదాం.”

“ఏంది సాబ్, రాత్రికి రాత్రే రూలు సచ్చిపోయిందా?”

“పెద్దసార్లు వస్తున్నరు, ఫోటోలోళ్లను ఎంటేసుకొని. వార్డంత ఖాళీగుంటే సేట్ల ముంగట ఇజ్జత్ పోతది. నీ కొడుకు జెరసేపు జవాను లెక్క పండాలె.”

“జెరసేపా? వాళ్లు పోయినంక?”

“అది... తర్వాత సూద్దాం.”

“అయితే వద్దు. జ్వరం తగ్గేదాంక మంచం, పాలు, సూది మందు. ఒప్పుకుంటెనే లేపుత.”

“సరే తల్లీ, సరే! ముందుగాల నెత్తికి పట్టీ కట్టనీ.”

“జ్వరమొస్తె నెత్తికి పట్టీ ఎందుకు?”

“ఫోటోల జ్వరం కనవడదు గదా! ఏయ్ ఫజలూ, ఇటు సూడు. సార్లు రాంగనే సెల్యూట్ కొట్టాలె, చెయ్యి గిట్ల... అరే! చెప్పకముందే గింత సాఫ్‌గ కొట్టినవు. బీబీ, ఎవలు నేర్పిన్రు వీనికి?”

“ఫౌజ్ నేర్పింది సాబ్. సుట్టీ మీదొచ్చి జ్వరంల పడ్డడు, లడాయికి రమ్మని టెలిగ్రాం వచ్చింది. నిన్న గదే చెప్పవోతె లుంగీ సూసి నా నోరు మూస్తివి. ఇగ కట్టు నీ పట్టీ, నీ జవాను వచ్చిండు.”