నల్ల పెయింటు కింద

హలో… ఆ, నేనేనమ్మా. సూళ్లూరుపేటకు ట్రంకాల్ అడిగింది నేనే. మెకానిక్ కృపాదానం… ఆ, గంగులయ్య గారి నిమ్మకాయల మండీ నుంచే… అరగంట నుంచి కాచుకోనుండా తల్లీ, అరగంట!… లేదు లేదు, నీమీద కోపం కాదు. కలుపమ్మా. తొందరగా కలుపు.

హలో?… హలో, పెట్రోలు బంకేనా?… ముత్యాలయ్యా! నేను గూడూరు కృపాదానాన్ని… ఆ, లారీ షెడ్డు కృపాదానాన్నే… బాగుండాం, అందరం బాగుండాం. కుశలం తర్వాత అడుగుదువులే. ముందు ఇది చెప్పు. మా మైకా కంపెనీ చినబాబు కారు మీ బంకు దాటిందా?… ఎర్ర కారు. రెండు సీట్లది, పైన గుడ్డ టాపు… ఆ, అదే, నేలను కరుచుకోని పొయ్యేది… దాటలేదా? నువ్వు పొద్దుట్నుంచి ఆడ్నే ఉండావా? బాగా చూసినావా?…

దేవా, నీకు స్తోత్రం.

…ఏం లేదు, ఏం లేదు. విను ముత్యాలయ్యా. మద్రాసు కాడ షోలవరం కారు రేసుకు పోయినప్పుడల్లా ఆయన మీ బంకులోనే పెట్రోలు పోయించుకుంటాడు గదా. ఇప్పుడూ ఆగతాడు. నాయుడుపేటలో సావాసగాడింట్లో టిఫినుకు కూచున్నట్టుండాడు, లేకపోతే ఈపాటికి మిమ్మల్ని దాటేసుండేవాడు… పెట్రోలు పొయ్యి. ఎంత కావాలంటే అంత పొయ్యి. కానీ బండి కదలనియ్యొద్దు… ఎందుకంటే… నీకు చెప్తే నువ్వు బెదిరిపోతావు. మీ పక్క షెడ్లో చెంచురామయ్య ఉండాడా?… పిలువు… తెలుసు. నాతో మాట్లాడడని నాకు తెలుసులే. ఆరేళ్లయింది… మాట్లాడొద్దులే అబ్బయ్యా, చెవి పెట్టి వింటే చాలని చెప్పు. చచ్చీ బతికే పని అని చెప్పు. పో!

…గంగులయ్య గారూ, ఇంకొంచేపు ఫోను నాకు ఇడిసిపెట్టండి.

హలో… చెంచురామా?…

ఉండావా?… ఊపిరి వినపడతా ఉండాది. పలకొద్దులే. విను.

పన్నెండు దినాల కింద మా చినబాబు కృష్ణపట్నం దోవలో, ఉప్పు కయ్యల కాడ, బర్రెను తప్పించబోయి తూము గోడకు కొట్టినాడు. మనిషికి ఏం కాలేదు. ఎడమ పక్క ముందు చక్రాన్ని కింద పట్టుకోనుండే ఆర్ము ఒంగిపోయింది. జానెడు ఇనుము, అంతే. సీమ సరుకు, దొరల దేశానిది. మద్రాసు కంపెనీకి రాసినాం, ఓడలో వచ్చుండాది, ఇంకా పంపలేదన్నారు. బుధవారం పోయింది, గురువారం పోయింది. రేపేమో రేసు. చినబాబు దినానికి రెండుసార్లు షెడ్డుకు వచ్చి నిలబడతాడు. ‘నీ చేతిలో పడితే కానిదేముంది కృపాదానం’ అంటాడు. ఆ మాట వింటే నేను యాడ నిలుస్తా రా. నా సంగతి నీకు తెలుసు గదా…

కాల్చకుండా చల్లమీదనే ఒత్తి చూసినా. వంపు రాలేదు. అందుకని…

అందుకని కొలిమిలో పెట్టినా.

…

…

పలకవే?… ఆ. నేనే. నేనే పెట్టినా. ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తీసినా… అదీ చేసినా. తొట్టి నీళ్లలో ముంచినా. చల్లారిందాకా కూచునే ఓపిక లేకపోయింది… నవ్వు. నవ్వితే నవ్వు, నీకు హక్కుండాది… నవ్వలేదా? మరి ఏందా శబ్దం?… దగ్గా. సరే.

పైన నల్ల పెయింటు కొట్టినా. ‘కొత్తది వచ్చేసింది బాబూ, బిగించేసినా’ అని చెప్పినా. ఆయన నా భుజం తట్టినాడు. పొద్దున తొమ్మిదిన్నరకు బండి తీస్తా ఉంటే వాళ్లమ్మగారు, ఆదిశేషమ్మ గారు, గేటు దాకా వచ్చింది. ఆమెకు ఒక్కడే కొడుకు. ‘కృపాదానం, బండి గట్టిగా ఉండాదా’ అంది. ‘గట్టిగా ఉండాదమ్మా’ అన్నా. ఆమె నవ్వుకుంటా లోపలికి పోయింది చెంచురామా. ఆ నవ్వు నన్ను కూచోనియ్యడం లేదు.

…ఎట్టా తెలిసిందంటే, బాబు పోయినంక స్టేషనుకు పోయినా. పాసింజరులో పార్సిలు దిగుండాది. సీమ ఆర్ము! ఒక్క గంట… ఒక్క గంట ముందు రాకూడదా అది? తీసుకోని షెడ్డుకు వచ్చినా. బల్ల మీద లారీ కడ్డీ ఒకటి పడుండాది. అదే దినం, అదే కొలిమిలో కాల్చి, అదే తొట్టిలో ముంచింది. ఊరికే, చెయ్యి ఊరికే ఉండక, సుత్తితో తట్టినా. గట్టిగా కూడా కాదు. రెండు ముక్కలై కూచుంది. సుద్దముక్క ఇరిగినట్టు ఇరిగింది రా!

ఇప్పుడు తెలిసిందా నీకు?… ఆ. రేపు ఆ మైదానంలో ఎనభై మైళ్ల మీద పోతా పోతా మలుపు తిప్పితే, ఆ చక్రం ఒక దిక్కు, బండి ఒక దిక్కు. రేపటి దాకా ఎందుకు, మీ ఊరి రోడ్డులో గుంత ఒకటి చాలు.

ఏంది?… గట్టిగా చెప్పు, గరగరమంటా ఉండాది లైను…

ఆ. అవును. ఆ మాట అన్నది నేనే. ‘కొలిమిలో పెట్టినోడు నా షెడ్లో ఉండకూడదు’ అని. అందరి ముందర అన్నా. పానా తీసుకోని నీ మీదికి ఇసిరినా… మచ్చ ఉండాదా ఇంకా?… కనుబొమ్మ మీదనా… ఊ.

ఆ దినం మా ఇంటిది రెబెక్కమ్మ కూడు ముట్టలేదు. వారం నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ దోసకాయ పప్పు వండితే ‘చెంచురామయ్యకు ఇష్టం’ అంటుంది, నాకు వినపడాలని… నిన్ను క్షమించమని అడిగేదానికి ఫోను చెయ్యలేదు రా. అది అడగాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. ముందు బండి ఆపు. ఆపతావా?…

ఆ, ఏందమ్మా?… మూడు నిమిషాలైపోయిందా? పొడిగించు తల్లీ. ఎన్ని మూడు నిమిషాలకైనా డబ్బులు కడతా పో. మధ్యలో తెంచొద్దు. నీ బిడ్డలు చల్లగుండాలి, తెంచొద్దు.

చెంచురామా? ఉండావా?… రోడ్డు మీదికి ఎవుర్నన్నా నిలబెట్టు. చెయ్యి అడ్డం పెడితే ఆగతాడు, మంచోడే…

ఏందా హారను?… వచ్చినాడా? ఎర్రదేనా?… పో, పో! ఫోను పక్కన పెట్టి ప—

ఆగు! ఆగు, చెప్పేది విను. ఆయనకు ఇప్పుడే చెప్పొద్దు… టైరులో గాలి తక్కువగా ఉండాదని చెప్పు. చెప్పి కింద దూరు. ఎడమ ముందు చక్రం. ఆర్ము నడిమి నుంచి రెండంగుళాలు లోపలికి, ఆడ వంపు తీసినా. గుడ్డ పెట్టి దుమ్ము తుడువు. బ్యాటరీ లైటు వేసి చూడు. పెయింటు మీద వెంట్రుక మాదిరి గీత ఏమన్నా ఉంటే… ఉంటే వచ్చి చెప్పు. లేకపోతే…

లేకపోతే చూద్దాం. పో.

…

…గంగులయ్య గారూ, మీ గడియారం నడస్తా ఉండాదా?… ఇందాక చూసినప్పుడూ పదకొండూ పదే గదా… వద్దు, మంచినీళ్లు వద్దు. కూచోను. కూచుంటే లేవలేను… ఏంది?… నిమ్మకాయా? నా చేతిలోకి ఎట్టా వచ్చింది ఇది?… అయ్యో, పిండేసినానే. చొక్కా అంతా రసం. మంచి కాయ, పాడుచేసినా. ఏమనుకోవద్దండి.

ప్రభువా, గీత లేకుండా చెయ్యి…

వద్దు. వద్దు ప్రభువా. ఉంటే కనపడేటట్టు చెయ్యి. వాడి కంటికి కనపడేటట్టు చెయ్యి.

…ఫోను పక్కన పెట్టి పోయినాడు, బంకులో మాటలు వినపడతా ఉండాయి. నాకు చినబాబు గొంతు వినపడతా ఉండాది. పాట పాడతా ఉండాడు. పెట్రోలు పోస్తా ఉంటే పాట పాడతా ఉండాడండి.

…

హలో! ఆ, చెప్పు… చెప్పరా…

ఎంత పొడుగు?

…గోరంత.

గోరుతో గీకి చూసినావా? పెయింటు ఊడినంక కూడా ఉండాదా గీత?… ఇనుము మీదనే. వేలు పెడితే తెలస్తా ఉండాదా… ఆ.

ఊ.

…ఉండా, ఉండా. ఈడ్నే ఉండా. ఏం కాలేదు.

బండి తాళం యాడుండాది?… నీ జేబులోనా! భేష్ రా. ఆయన ఏమంటా ఉండాడు?… తొందర పడతాడు. ఆ మనిషికి పుట్టినప్పుట్నుంచి తొందరే. ఏమని చెప్పి ఆపినావు?… చీలిక ఉండాదని మాత్రం చెప్పినావా. ఎందుకు చీలిందని అడగతా ఉండాడా…

ఏంది?… ఇంకోసారి చెప్పు, సరిగా వినపడలేదు…

దోవలో రాయి ఎగిరి తగిలిందని చెప్తావా.

…

నా పేరు రాకుండా.

…

చెప్తావా అట్టా?… నమ్ముతాడు. నువ్వు చెప్తే నమ్ముతాడు. రాయి తగిలి చీలింది, గూడూరు నుంచి ఇంకోటి వస్తా ఉండాది, బిగించుకోని పోవచ్చు… ఎవురికీ తెలియదు. అమ్మగారికీ తెలియదు… నువ్వెందుకు చేస్తావు రా నాకోసం? నీకేమి చేసినా నేను, పానా పెట్టి కొట్టడం తప్ప?…

…అట్నా. రెబెక్కమ్మ అన్నం పెట్టిందని. ఆ.

…

వద్దు… వద్దు రా చెంచురామా. ఒక్క నిమిషం ఆశ పుట్టింది, నిజమే చెప్తుండా. నోరూరింది. వద్దు. నువ్వు బస్సు స్టీరింగు కడ్డీ కాల్చి, పైన గ్రీజు పూసి దాచిన దినం నేనేమన్నా? కాల్చినందుకు కాదు రా నిన్ను పంపేది, కాల్చి దాచినందుకు అన్నా. అన్నానా లేదా?… అప్పుడు నీకు ఇరవై రెండు. నాకిప్పుడు యాభై రెండు. రేపు ఆదివారం. దేవుని మందిరంలో ముందు వరసలో కూచునే మనిషిని నేను… ఈడ మండీలో గంగులయ్య గారు ఉండారు, హమాలీలు కూడా నిలబడి వింటా ఉండారు. విననీ.

ఫోను ఆయనకియ్యి… ఇయ్యమంటుండా గదా.

…

హలో… ఆ, నేనే బాబూ. కృపాదానాన్ని.

బాబూ, తాళం కోసం వాడిమీద అరవొద్దు. నేనే తీసుకోమన్నా… రాయి కాదు, రోడ్డు కాదు. ఆ ఆర్ము కొత్తది కాదు బాబూ. పాతదే. కొలిమిలో కాల్చి, సాపు చేసి, నల్ల పెయింటు కొట్టి బిగించినా… అవును. మీతో కొత్తదని చెప్పినా. అమ్మగారితో గట్టిగా ఉండాదని చెప్పినా. రెండూ అబద్ధాలే…

…

హలో?… ఉండారా బాబూ?…

ఆ… ఆ… అది నిజమే… ఆ మాట కూడా నిజమే… చచ్చుండేవారు బాబూ. అవును. మీ పక్క సీట్లో వచ్చిన నాయుడుపేట సావాసగాడు కూడా… తిట్టండి. నేను పెట్టెయ్యను. అయిందాకా తిట్టండి…

…

…అయిందా బాబూ? అయితే ఒక్క మాట. అసలు ఆర్ము వచ్చింది. పొద్దున పాసింజరుకు దిగింది, నా చంకలోనే ఉండాది. మైనం కాగితం కూడా విప్పలేదు. పన్నెండు గంటల బస్సుకు తెస్తా. సాయంత్రానికి మీరు షోలవరంలో ఉంటారు. రేసు రేపు గదా…

నా చెయ్యి బండి మీద పడకూడదా.

…న్యాయమే. పడదు. రేపే కాదు, ఎప్పటికీ పడదు. చెంచురామయ్య బిగిస్తాడు… మంచి పనోడు బాబూ. నా కాడ ఐదేళ్లు చేసినాడు… మానలేదు, నేనే పంపేసినా… ఏ తప్పుకంటే—

ఈ తప్పుకే.

…

లేదు బాబూ, అమ్మగారికి మీరు చెప్పొద్దు. బస్సెక్కే ముందర ఇంటికి పోయి నేనే చెప్తా. గేటు కాడనే నిలబడి చెప్తా… ఆ. వాడికియ్యండి.

చెంచురామా… పోయినాడా అవతలకి?… ఏం చేస్తా ఉండాడు?… రోడ్డు పక్కన కూచున్నాడా. కూచోనీ. చల్లగా మజ్జిగ ఏమన్నా ఇయ్యి.

విను. జాకీ ఎత్తి కింద దుంగలు పెట్టు. చక్రం ఊడదీసి పెట్టు. స్ప్రింగు మీద జాగర్త, ఎగిరితే పళ్లు రాలతాయి… సరే, సరే, నీకు తెలుసు. నీకు చెప్పాల్సిన పని లేదు. నోరు ఊరికే ఉండదు నాకు. ఆ పాత ఆర్ము పారెయ్యొద్దు. నాకు కావాలి. షెడ్లో కొలిమి పైన వేలాడదీస్తా.

…అమ్మా, అయిపోవచ్చింది తల్లీ, ఒక్క నిమిషం.

ఆ, ఏందిరా?… నేనా? నేనేం చేస్తా, చెయ్యి పెట్టకూడదన్నాడు గదా. నీ పక్కన నేలమీద కూచుంటా. నువ్వు ఏ పానా అడిగితే ఆ పానా అందిస్తా…

…ఏమన్నావు?…

…

ఇసరను లేరా. చేతికే ఇస్తా… పెట్టేస్తుండా.