గుప్పెడు ఇనుములో గుక్కెడు గాలి

"మామా, గిది నీళ్లల్ల పనిచేస్తదా?" అని జీవిత అడిగింది.

మరునాటి ఉదయం బోరంచ దగ్గర మంజీరలో కయాక్ పోటీ. తెడ్డు వేయడం ఆమెకు వచ్చు, ఈత వచ్చు. లేనిదల్లా లైఫ్ జాకెట్. అది లేనివారిని పడవ ఎక్కనివ్వరు. నారాయణఖేడ్ బస్టాండు ఎదుట, భీమమ్మ చాయ్ కొట్టు బల్లపై ఆసీనుడైన మేనమామ సంగమేశ్వర్ వద్ద అటువంటిది ఒకటున్నది. బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఆ పెద్దమనిషి, కయాక్ నేర్చుకుంటానని నిరుడు హైదరాబాదు వెళ్లి కొనితెచ్చిన గాలిజాకెట్ అది. ఆయన నీటిలో దిగగా చూసినవారు మాత్రం ఖేడ్‌లో ఒక్కరూ లేరు.

సంగమేశ్వర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, జాకెట్‌ను రెండు చేతులా ఎత్తి కన్నులకద్దుకొని మేనకోడలి ఒడిలో ఉంచాడు.

"పనిచేస్తుందా అని సందేహిస్తున్నావా తల్లీ! నిరుడు వానలు వెనుకబట్టి మంజీర తేటపడిన రోజుల్లో, నేను బోరంచ రేవు నుండి ఒంటరిగా కయాక్ వేసుకొని రవంత దూరం పోయి వచ్చాను. అంతే, అందులో గొప్పేమీ లేదు. కానీ అంతకు ముందు దీనిని ఎన్నుకోవడమున్నదే, అది ఒక తపస్సు. దుకాణదారు మొదట దూదిపరుపు వంటి జాకెట్ చూపాడు. తొడిగితే భుజాలు కదలవు. రెండవది నీరు తగిలితే తనంతట తానే ఉబ్బేది. అయ్యా, కయాక్‌లో కూర్చున్నవాడి మీద తెడ్డు తెడ్డుకూ తుంపరలు పడుతూనే ఉంటాయి, తుంపర తుంపరకూ ఉబ్బిపోతే నేను పడవ నడిపేదెట్లా, పడవ తలకిందులైతే ఉబ్బిన పొట్టతో దాని కింద నుండి బయటపడేదెట్లా అని అడిగాను. దుకాణదారు లేచి నిలబడ్డాడు. మూడవది ఇది. సన్నగా మెడకు వేలాడుతుంది, మనం తాడు లాగితేనే ఉబ్బుతుంది. దీన్ని తొడుక్కొని ఆ దుకాణం నేల మీదనే కాళ్లు చాచి కూర్చొని, కుడికీ ఎడమకూ తెడ్డు వేసి చూసుకున్నాను."

"దుకాణంల తెడ్డు యాడిది సారూ?" అన్నాడు ఎదుటి బల్ల మీది హన్మయ్య. కందిచేను పనులు లేని పూట ఆయన ఉండే చోటు అదే.

"చీపురు. వస్తువు ముఖ్యం కాదు హన్మయ్యా, భంగిమ ముఖ్యం. తెచ్చిన నాటి నుండి దీని సేవ ఎట్లా చేస్తున్నాననుకున్నావు? మంచినీటితో కడిగి నీడలో ఆరవేస్తాను. ఈ గొట్టంలో నోటితో గాలి నింపి రాత్రంతా వదిలి, తెల్లవారి రవంతయినా వాలిందా అని నొక్కి చూస్తాను. వాలితే ఎక్కడో గాలి పోతున్నట్టే కదా! ఇక లోపలి సిలిండర్, వేలెడంత వస్తువు. దాని మీద ఎంత తూగాలో చెక్కి ఉంటుంది. కంసాలి త్రాసులో పెట్టి తూచి చూస్తాను. గుప్పెడు ఇనుములో గుక్కెడు గాలి, అదీ ఒక మనిషి ప్రాణానికి సరిపడా గాలి, కళ్లు మూసుకొని మన పిలుపు కోసం వేచి ఉన్నదంటే, చేతులు జోడించకుండా ఎట్లా ఉంటాం?"

భీమమ్మ పాలగిన్నె దించి, తెలియకుండానే జాకెట్ వైపు ఒకసారి దండం పెట్టింది.

"సరే, రేవు దాటాను. నది నడుమ నీరు ఎంత నిశ్చలంగా ఉన్నదంటే, కొంగ వాలితే రెండు కొంగలు వాలినట్టున్నది. ఆ నీటిలో ఒక దుంగ. ఆ దుంగకు కళ్లున్నాయి."

"మొసలి!" అన్నాడు హన్మయ్య. "ఏమన్నది సారూ?"

"ఏమంటుంది, దాని నోట్లో నా తెడ్డున్నది. అది లాగింది, నేను లాగాను, పడవ తలకిందులైంది. నీటి అడుగున, ఆకుపచ్చని చీకటిలో, శివ శివా అని తాడు లాగాను. తరువాత ఏమైందో ఎరుగుదురా? 'భుస్సు'మన్నది. ఆ చప్పుడుకు చేపలు ఒడ్డెక్కాయి. రెప్పపాటులో నేను నీటి మీదికి వచ్చాను, కానీ గాలి అక్కడితో ఊరుకోలేదు, నన్ను నీటిపై నుండి కూడా లేపింది. నా కాళ్లకు పడవ, పడవకు తెడ్డు, తెడ్డుకు మొసలి, ఇట్లా అందరమూ ఒక తోరణం వలె ఆకాశానికి లేచాం. నాగల్‌గిద్ద మీదుగా పోతుంటే చేలల్లో కంది కోస్తున్న ఆడవాళ్లు తలలెత్తి 'యారప్పా అదు?' అని కన్నడంలో అడిగారు. ఎవరని అడిగినవారికి పద్యంలో బదులు చెప్పడం మర్యాద కదా అని సీసం ఎత్తుకున్నాను. మొదటి పాదం ముగిసేసరికి సరిహద్దు దాటిపోయాను."

"మరి మొసలో?"

"అది పద్యం చివరి ఎత్తుగీతి దాకా ఆగలేక చెరువు చూసి దూకింది. బరువు తగ్గేసరికి నేను ఇంకా పైకి. వెనుదిరిగిన గాలి నన్ను కంగ్టి మీద ఒక మేఘంలోకి తోసింది. ఈ సిలిండర్ గాలి వెలువడేటప్పుడు మంచులా చల్లబడుతుంది, అది మాత్రం ముమ్మాటికీ నిజం, ఎవరినైనా అడగండి. ఆ చల్లదనం సోకి మేఘం గజగజ వణికింది. వణికితే ఏమవుతుంది? వాన!"

"ఓ సారూ!" భీమమ్మ గరిటె ఎత్తింది. "గా వాన నీదేనా? కంగ్టిల మా చెల్లె పత్తంత తడిసి ఖరాబైపాయె!"

"నా వల్ల కాదమ్మా, గాలి వల్ల. నేను అప్పటికే ఇంకా పైనున్నాను." సంగమేశ్వర్ గొంతు తగ్గింది. "అక్కడ పట్టపగలు నక్షత్రాలున్నాయి. కింద మంజీర, ఎవరో నూలు వడుకుతూ మరచిపోయిన వెండి పోగు. చప్పుడే లేదు. చంద్రుడు ఎంత దగ్గర ఉన్నాడంటే, నాకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగాడు. వినబడేది ఒక్కటే, ఈ జాకెట్ లోపలి గాలి నా గుండెకు ఆనుకొని చేసే గుసగుస. ఇంత పెద్ద ఆకాశంలో నన్ను మోస్తున్నది ఈ గుక్కెడేనా అని కళ్లు చెమర్చాయి."

హన్మయ్య నోరు తెరిచి పైన రేకుల కప్పు వైపు చూశాడు. ఎవరి చేతిలోని చాయ్ వారి చేతిలోనే చల్లారుతున్నది.

"దిగడమెట్లా? ఈ నోటి గొట్టం మీట నొక్కి, పిసినారి నూనె పోసినట్టు, రవ్వ రవ్వగా గాలి వదిలాను. వచ్చి వాలింది ఈ బల్ల మీదనే. పోయేటప్పుడు వదిలిన చాయ్ ఇంకా పొగలు కక్కుతున్నది!"

ఈలోగా జీవిత ఒడిలోని జాకెట్ మడత విప్పి, లోపలి సిలిండర్‌ను మర తిప్పి బయటకు తీసి, దాని మూతిని బొటనవేలితో మూసి పట్టుకున్నది.

"మామా, దిగినంక గీ సిలిండర్ మార్చినవా?"

"మార్చడమా? నన్ను చంద్రుని దాకా మోసిన మహానుభావుణ్ణి మారుస్తానా? అదే ఇది!"

"గట్లనా." ఆమె వేలు తీయలేదు. "తాడు గుంజితే లోపటి సూది దీని మూతిని పొడుస్తది. పొడిస్తెనే గాలి బయటికొస్తది. ఒక్కసారి చిల్లువడ్డదంటే అయిపాయె, ఇగ ఇది ఉత్త ఇనుము. నువ్వు చెప్పింది నిజమైతే నా వేలు కింద చిల్లుండాలె. గట్లయితే రేపు నేను బోల్తాపడి తాడు గుంజినా గిది ఉబ్బది. చిల్లు లేకుంటే..." ఆమె మేనమామ కళ్లలోకి చూసింది. "నువ్వే చెప్పు. ఉన్నదా, లేదా?"

బీదరు బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. భీమమ్మ స్టవ్ తగ్గించింది. నక్షత్రాలు, చంద్రుడు, కంగ్టి మేఘం, అన్నీ ఆ పిల్ల బొటనవేలి కింద ఇరుక్కుపోయినట్టు సంగమేశ్వర్ దానినే చూస్తూ ఉండిపోయాడు. "హైదరాబాదులో ఇంకొక సిలిండర్ కొని..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"లేదు తల్లీ," అన్నాడు చివరకు. "నేను ఒడ్డునే కూర్చున్నాను. నీరు నా పాదాలను కూడా తాకలేదు. దాని మూతికి ఏ సూదీ తగలలేదు."

జీవిత వేలు తీసింది. సిలిండర్ మూతి చెక్కుచెదరకుండా, కొత్త రూపాయి బిళ్ల వలె నున్నగా మెరిసింది.

"అబద్ధం!" హన్మయ్య బల్ల చరిచి లేచాడు. "చూసినవా భీమమ్మా, అంత అబద్ధమే! సారు పచ్చి అబద్ధాలకోరు!"

ఖేడ్‌లో ఇంతవరకు ఎవరూ ఎవరినీ ఇంత సంబరంగా ఆ మాట అని ఉండరు. అనిపించుకొని ఇంత తేలికగా ఊపిరి పీల్చుకున్నవాడూ ఉండడు.