ఫోన్‌లో బోణీ

జగ్గయ్యపేట, హైవే పక్కన భవానీప్రసాద్ క్రేన్ సర్వీస్. ఆఫీసు గదిలో ఓనరు భవానీప్రసాద్, ఆయన భార్య రత్తమ్మ, వాళ్ళ వెబ్‌సైట్ పని చూసే నందిగామ అమ్మాయి సూసన్.

“పంపకండి సార్. ఒక్క నిమిషం.”

“ఏంటి సూసన్ ఆగేది? గరికపాడు దగ్గర సిమెంటు లారీ బోల్తా పడింది. డ్రైవరు ఫోన్‌లో క్రేన్ అని వెతికితే తిరుపతిరావు పేరొచ్చింది. వాడి క్రేను నందిగామ నుంచి రావాలి. నాది ఇక్కడే ఖాళీగా నిలబడుంది.”

“మీ పేరు కిందెక్కడో వచ్చుంటుంది సార్.”

“నా ఫోన్‌లో మొదటే వస్తోందిగా. ఇదిగో, చూడు. మా కుర్రాళ్ళ ఫోన్లలోనూ మొదటే. మాకొకటి చూపించి, బయటోళ్ళకి ఇంకోటి చూపిస్తున్నావ్. నువ్వూ తిరుపతిరావూ ఒకే ఊరాయె.”

“ఆయన మొహం కూడా నేను చూళ్ళేదు సార్.”

“వ్యాపారుల గ్రూపులో పెడుతున్నా. ‘మనల్ని మోసం చేసింది సూసన్’ అని. టైపు చేసుంచా, నొక్కడమే.”

“నాకున్న పనంతా ఆ గ్రూపోళ్ళదే. అది చూస్తే ఇంక నన్నెవరూ గడప తొక్కనివ్వరు.”

“ఏవండీ, ఆ పిల్ల చెప్పేది వినొచ్చుగా.”

“నువ్వూరుకో రత్తమ్మా.”

“సార్, ఫోన్ అందరికీ ఒకేలా చూపించదు. మనం ఎక్కడున్నామో చూస్తుంది, రోజూ దేన్ని నొక్కుతామో చూస్తుంది. మీరు మీ షాపు పేరు వెతుకుతుంటారా?”

“నేనెందుకు వెతుకుతా? నా షాపు ఎక్కడుందో నాకు తెలీదా?”

“మరి బోణీ మాటో?”

“రత్తమ్మా.”

“బోణీ ఏంటమ్మా?”

“పొద్దున్నే షట్టరెత్తి, అగరబత్తి వెలిగించి, ఫోన్‌లో క్రేన్ అని, షాపు పేరు చెప్పి, వచ్చినదాన్ని నొక్కుతారు. అదే ఆ రోజుకి మొదటి బేరమంట. కుర్రాళ్ళందరి చేతా నొక్కిస్తారు. షాపు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే తంతు.”

“నాలుగు బేరాలు వస్తాయని. తప్పేముంది అందులో?”

“ఆ ఫోన్లన్నీ మీ షాపుకే అలవాటు పడిపోయాయి సార్. అందుకే మీకు మొదట కనిపిస్తోంది. అమ్మా, మీరూ బోణీ నొక్కుతారా?”

“నేనెక్కడ నొక్కేది తల్లీ? నాకు టైపు రాదు, నోటితో చెప్పాలి. షాపుకేమో ఆయన పేరు పెట్టుకున్నారు. పెళ్ళయినప్పట్నుంచి ఆయన పేరు నా నోట రాలా.”

“అయితే మీ ఫోనివ్వండి. దగ్గర్లో క్రేన్... చూడండి సార్. పైనెవరు?”

“తిరుపతిరావు.”

“మీరు?”

“కిందికి జరుపు. ఇంకా. ఇంకొంచెం... అదిగో, ఆ అడుగున.”

“ఆయన గురించి కస్టమర్లు మంచిగా రాసినవి బోలెడున్నాయి. మీవాళ్ళ చేతా రాయించమని ఎన్నిసార్లు ఫోన్ చేశా సార్? ఏమన్నారు?”

“గుర్తులేదు.”

“‘మనమే మొదటున్నాం, ఇంకెందుకు, ఆపెయ్’ అన్నారు.”

“అన్నానేమో.”

“అన్నారండీ. నేను పక్కనే ఉన్నా.”

“సరే, సరే. మెసేజ్ తీసేస్తాలే.”

“తీసేస్తే ఎట్లా? పొద్దున ఇద్దరికి ఫోన్ చేసి ఈ పిల్ల పేరు చెప్పనే చెప్పారు. పంపండి. పేరొక్కటి మార్చండి.”

“మార్చి ఎవరి పేరు పెట్టమంటావ్?”

“భవానీప్రసాద్.”