అందరూ అడుగుతున్న పుస్తకం

గ్రంథాలయంలో కొత్త పుస్తకాల బల్ల దగ్గర నిలబడ్డ పెద్దావిడకు గ్రంథపాలకుడు ఒక పుస్తకం అందించాడు.

“ఇది తీసుకెళ్లండమ్మా. బాయిలర్ పేలిన ఫ్యాక్టరీ గురించి. కల్పన కాదు, అయినా నవలలా చదివిస్తుంది.”

“చదివాను బాబూ. ఇందులో తాగి పనిలోకొచ్చాడన్న మనిషి మా ఆయనే. చుక్క ముట్టి ఎరగడు.”

“అయ్యో! రాసినతను మిమ్మల్ని కలవలేదా?”

“కలవకేం? మా ఇంట్లోనే కూర్చుని నేను చెప్పింది రాసుకున్నాడు, చదివి వినిపించాడు. అందులో తాగుడు మాటే లేదు. సరేనని వేలిముద్ర వేశాను.”

“మరి ఇదెలా వచ్చింది?”

“నాకప్పుడు చదువు రాదుగా! అతను చదివిందే కాగితం మీద ఉందనుకున్నాను. పుస్తకం వచ్చాక జనం చూపు మారింది. ఎందుకో తెలుసుకుందామని ఈ వయసులో అక్షరాలు దిద్దాను.”

“అతనికో ఉత్తరం రాయండి.”

“మూడు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. కలం ఇటివ్వు. ‘ఇది అబద్ధం, అతని భార్యను చెప్తున్నాను’ అని ఆ మాటున్న పేజీ అంచున రాస్తాను.”

“గ్రంథాలయం పుస్తకాల్లో రాయకూడదమ్మా.”

“అయితే నా పేరున రాసుకో, తీసుకెళ్తాను. తిరిగి మాత్రం ఇవ్వను.”

“అందరూ అడుగుతున్నారని తెప్పించాం, లోపల ఇంకో నాలుగు ప్రతులున్నాయమ్మా.”