చచ్చిందని చెప్పిన ఎలుక

ఎస్తేరు సిస్టరు ఎలుక చచ్చిపోలేదు. ఈ మాట ఏడాది సంది నా కడుపులనే ఉన్నది గని, నోట్లకెళ్లి ఒక్కసారన్న బయటికి రాలే. చేన్ల పత్తి ఏరుకుంట మా గుంపు ఆడోళ్లకు ఎన్ని కథలు చెప్పిన్నో నాకే యాదికి లేదు. రాజుల కథలు, దయ్యాల కథలు, మాట్లాడే చేపల కథలు. వనితా ఇంకోటి చెప్పు, వనితా ఇంకోటి చెప్పు అంటరు, చెప్త. ఇది మాత్రం చెప్పలే. ఎందుకంటె ఇది కథ గాదు, అయినదే. అందుకే నోటితోని గాకుండ కాయితం మీద చెప్తున్న. మీరు నా పక్క సాలుల పత్తి ఏరుతున్నరనే అనుకుంట. ఊ కొట్టుండ్రి.

ఏమైందంటే, పోయినేడు బతుకమ్మ ముంగట మా ఊరికి కొత్త నర్సు వచ్చింది. ఎస్తేరు అని పేరు, ఖమ్మం దిక్కామె, నాకంటె నాలుగైదేండ్లు పెద్దది. మా ఇంటి ముందటర్రల కిరాయికి దిగింది. బస్సు దిగి వస్తుంటె చూసిన, ఒక చేతిల సూటుకేసు, ఇంకో చేతిల ప్లాస్టిక్ డబ్బ, డబ్బ మూతకు సన్న సన్న తూట్లు. నేను పట్టుకుంట తే సిస్టర్ అంటె సూటుకేసు ఇచ్చింది గని డబ్బ ఇయ్యలే. అండ్లేమున్నదో అని నాకు ఆ పూట అన్నం దిగలే అనుకో. నా బుద్ధే అంత, మూత ఉన్నదంటె తీసి చూడాలె. పొద్దుగూకంగ పిలిచి చూపెట్టింది. రంపపు పొట్టు కదిలింది, అండ్లకెళ్లి ఒక ముక్కు వచ్చింది, ఎనుక రెండు కండ్లు, మిరియాల గింజలోలె. ఒళ్లు పెద్ద ఉసిరికాయంత. బూడిద రంగు, వీపు నడిమిట్ల పెన్సిలుతోని గీసినట్టు నల్లగీత. తోక ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. మా అవ్వ, అంటె మా అమ్మ, తొంగి చూసి, ఊరంత ఎలుకల మందు కొంటుంటె నువ్వు ఎలుకను కొనుక్కొచ్చినవా సిస్టరమ్మా అన్నది. సిస్టరు నవ్వి, ఇది ఎలుక కాదు పెద్దమ్మా, హామ్‌స్టరు, అందులో మరుగుజ్జు రకం, ఇంతకంటే పెరగదు, పేరు రూబీ అన్నది. రూబీయో గీబీయో, తోక కోసిన ఎలుకనే గద, అనుకుంట మా అవ్వ చాట పట్టుకొని పోయింది.

మా అవ్వ భయం మీకు తెల్వంది గాదు. పత్తి ఏరినంక అమ్మేదాక ఇంట్లనే పోస్తం గద, నడిమర్ర నిండ, వాసాలు తాకేదాక. అండ్ల ఒక్క ఎలుక చొచ్చిందంటె గింజల కోసం కుప్పంత తూట్లు చేస్తది. అందుకని ఆ డబ్బ ముందటర్ర గడప దాటొద్దని మా అవ్వ కట్టడి. దాటలే గూడ. సిస్టరు డ్యూటీకెళ్లి వచ్చినంక దాని ముంగట కూసుంటది, చెయ్యి పెడ్తది, అది కొరుకుతది. మల్ల పెడ్తది, మల్ల కొరుకుతది. ఏలుకు పట్టీ వేసుకుంటది. పిల్లలకు సూదులేసే ఆమె, ఆమె సూదికి పిల్లలు ఏడువరని ఊర్ల పేరు, ఈ ఉసిరికాయంత దాని దగ్గర చేతనయితలేదు. దీపావళి పోయినంక ఆమెకు మంచిర్యాలల ట్రైనింగు పడ్డది. హాస్టల్ల ఉండాలె, అండ్ల జంతువులను రానియ్యరు. వనితా, నువ్వు చూసుకుంటావా అన్నది. నేను ఆమె మాట అయిపోకముందే డబ్బ అందుకున్న. నీకు మచ్చికైతే ఎట్లా చేశావో నాకు నేర్పించు అన్నది. సిస్టరు అటు పోంగనే ఆమెనడిగి ఆ అర్రల గూడ పత్తి పోసినం. ఇగ డబ్బ ఎక్కడ పెట్టాలె? పంచల పెట్టుకో, ఇంట్లకు తెస్తె నిన్ను గూడ పంచలనే పండపెడ్త అన్నది మా అవ్వ.

ఇగ వినుండ్రి, దాన్ని మచ్చిక చేసుడు. నాకెవ్వలు చెప్పలే. నేను పదో తరగతి కాడనే ఆగిపోయిన దాన్ని, ఏది నేర్చుకున్నా చూసి నేర్చుకునుడే. వారం రోజులు చెయ్యే పెట్టలే. ఊకె పక్కకు కూసుండి చూసిన. ఏం చూసిన్నంటె, మీదికెళ్లి, పైనుంచి, నా నీడ పడంగనే అది బిగుసుకుంటది. పక్కకెళ్లి పోతె అంత భయపడది. అప్పుడు నాకు సమజైంది, మీదికెళ్లి వచ్చేది ఏదైనా దానికి గద్దనే. సిస్టరు చెయ్యి ఎప్పుడు మీదికెళ్లి దిగుతుండె. నేను డబ్బను పక్కకు ఒరగపెట్టి, అరచెయ్యి నేలకానిచ్చి పెట్టుడు మొదలుపెట్టిన. నా పాత చున్నీ ముక్క చింపి అండ్ల ఏసిన, నా వాసన తెల్వాలె గద. తెల్లారి చూస్తె ఆ ముక్కను గూట్లకు గుంజుకపోయి చుట్టుకొని పన్నది! పత్తి మాత్రం పెట్టొద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటె కాళ్లే పోతయని సిస్టరు చెప్పింది. ఇంటినిండ పత్తి పెట్టుకొని దానికి కాయితాలు చింపి ఏసిన. తానం చేపిద్దమా పసుపు నీళ్లతోని, వాసనొస్తుంది అన్నది మా అవ్వ. అయ్యో నీళ్లు పడొద్దంట, ఇసుకల పొర్లాలంట అంటె, గాడిద లెక్కనా అన్నది. వాగుల ఇసుక తెచ్చి, జల్లించి, ఎండబెట్టి గిన్నెల పోసిన. ఎట్ల పొర్లిందనుకున్నరు! మా అవ్వ చాట పక్కకు పెట్టి చూసింది. ఇంకోటి, రెండు దౌడలల్ల రెండు సంచులున్నయి దానికి. జొన్నలు పెడ్తె తినది, నోట్ల కుక్కుకుంటది, ముఖం రెండింతలయితది, గూట్లకు పోయి కక్కుతది. మనం ఒడిల పత్తి నింపుకున్నట్టే అనుకో. నెల దాటేసరికి నా అరచేతిల గుమ్మడి గింజ పెడ్తె వచ్చి గుంజుకపోవుడు దాక వచ్చింది. కాని నిలవది. ఏలు కదిపిన్ననుకో, కొరుకుడే.

ప్రతి ఐతారం సిస్టరు ఫోను. రూబీ ఎట్లుంది, బువ్వ తిన్నదా. నేను చెప్పేది, ఆమె నవ్వేది. చివరికి ఒక ఐతారం, వనితా, నన్ను ఇక్కడే ఉంచేస్తున్నారు, వచ్చే వారం వచ్చి సామాను, రూబీని తీసుకుపోతాను అన్నది. మంచిది సిస్టర్ అన్న. ఫోను పెట్టినంక ఎందుకో పొయ్యి మీద చాయ పొంగిపోయినా చూడలే.

మూడు రోజులకు చలి పెరిగింది. ఆదిలాబాద్ చలి మీకు చెప్పాల్నా, బొక్కలల్లకు దిగుతది. తెల్లారంగ లేచి పంచల డబ్బ తీసి చూస్తె, అది గుండ్రంగ ముడుచుకొని ఉన్నది. పిలిచిన, లేవలే. ముట్టిన, కొరకలే. అంతకుముందు ముడితె కొరకనిది లేదు గద, అప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఒళ్లు రాయోలె చల్లగున్నది. ముక్కు కాడ ఏలు పెట్టిన, ఊపిరి లేదు. అవ్వా అని ఒక్క కేక ఏసిన. మా అవ్వ వచ్చి చూసి, పోయిందే బిడ్డా అన్నది. ఏడ్చుకుంటనే సిస్టరుకు ఫోను కొట్టిన. సిస్టర్, రూబీ చచ్చిపోయింది, పంచల చలికి, నేనే సంపిన అన్న. నువ్వు చంపలేదు వనితా, నేనే నీ మీద పెట్టి వెళ్లాను, ఏడవకు, కుక్కలు తవ్వకుండా కొంచెం లోతుగా పాతిపెట్టు అన్నది. గిదంత నిజం, ఈడిదాక నేనేం తప్పు చెయ్యలే. ఈడిదాక.

గడ్డపార తెచ్చుకొనేలోపల మా అవ్వ నీళ్లపొయ్యి ముట్టిచ్చింది. చేతులు కొంకర్లు పోతున్నయి, జెర కాగి పోతనని పొయ్యి ముంగట కూసున్న. అది నా చున్నీల, నా అరచేతిలనే ఉన్నది. కింద పెట్టబుద్ధి కాలే. ఎంతసేపైందో ఏమో, అరచేతిల ఏదో గీసినట్టయింది. చూస్తె మీసం. ఒక్క మీసం కదిలింది. అవ్వా చూడు అంటె, సెగకు కదులుతది తియ్యే అన్నది. మల్ల చూస్తె ముక్కు కదిలింది. ఇగ మా అవ్వ గూడ వంగి చూసింది. ఒళ్లంత వణుకుడు మొదలుపెట్టింది, జెరమొచ్చినోళ్ల లెక్క. అట్ల అరగంట వణికి వణికి కండ్లు తెరిచింది. చచ్చింది గాదు, చలికి బిగుసుకపోయి పన్నదన్నట్టు. ఈ రకానికి అట్లయితదంట, శాన రోజులకు ఫోన్ల చదివిన. మా అవ్వ అయితె ముక్కు మీద ఏలేసుకొని, ఓ దేవుడా, దీన్ని ఇంట్లనే పెట్టు, పత్తి పోతె పాయె అన్నది. నాకు ఒళ్లంత సంతోషం. ఫోను తీసి సిస్టరు నంబరు ఒత్తిన. సరిగ్గ అప్పుడు అది నా అరచేతిల ఎనుక కాళ్ల మీద కూసున్నది. కూసుండి, రెండు చేతులతోని ముఖం తుడుసుకున్నది. ఒక చెవు, ఇంకో చెవు. కొరకలే, ఉరకలే. నలభై రోజులు నేను దేనికోసం కూసున్ననో, అది. రింగు పోకముందే ఫోను కట్ చేసిన. ఒక్క రోజు, అనుకున్న. ఈ ఒక్క రోజు నాది, రేపు చెప్త.

పొద్దుమూకి మా అవ్వ అడిగింది, సిస్టరుకు చెప్పినవా బతికిందని. చెప్పిన అన్న. ఏమన్నది? నన్నే ఉంచుకోమన్నది అన్న. చూసిండ్రా, కథలు చెప్పేటి నోరు, ఎంత అల్కగ చెప్పిందో!

ఐతారం సిస్టరు రానే వచ్చింది. మా అవ్వ చేనుకు పోయింది, నేను కడుపు నొప్పని ఇంటికాడున్న. డబ్బను నడిమర్రల పత్తికుప్ప ఎనుక దాచిన. సూటుకేసు సర్దుకున్నది. తర్వాత, ఎక్కడ పాతిపెట్టావు, చూపించు అన్నది. పెరట్ల కనకాంబరాల మడి కాడికి తోలుకపోయి, తవ్విన మన్ను ఉంటె అదే చూపెట్టిన. చూపెట్టి ఊకున్ననా? లేదు. చున్నీ ముక్కల చుట్టిన సిస్టర్, గుమ్మడి గింజలు రెండు పక్కకు పెట్టిన, అగరొత్తి ముట్టిచ్చిన, మా అవ్వ గూడ ఏడ్చింది అని, ఎవలో నా నోట్ల కూసుండి చెప్తున్నట్టె చెప్పుకుంట పోయిన. ఆమె వంగి ఆ మన్ను మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకున్నది. మల్ల ఇంట్లకు వచ్చి మంచినీళ్లు తాగుతుంటె నడిమర్రల గలగలమన్నది. కాయితాలు కదిలిన సప్పుడు. సిస్టరు అటు చూసి, కండ్లు తుడుచుకుంటూ నవ్వి, మీ అమ్మ చూసుకోవాలి, పత్తిలో ఎలుకలు పడ్డట్టున్నాయి అన్నది. సంచిలకెళ్లి మిగిలిన గింజల ప్యాకెట్టు, రూబీ ఎక్కి ఉరుకుతందుకు కొన్న చిన్న చక్రం తీసి నా చేతిల పెట్టింది. ఇంకొకటి తెచ్చుకో వనితా, దాన్ని నాకంటే నువ్వే బాగా చూసుకున్నావు అన్నది. బస్సెక్కేదాక పోయిన. చెయ్యి ఊపిన గూడ.

ఆమె ఫోను చేసేది. మొదట ఎత్తిన, తర్వాత ఎత్తుడు బంద్ చేసిన. ఏమని మాట్లాడాలె? ఇటు రూబీ ఇంటిదాయె. నా భుజం మీద కూసుంటది, మెడ మీద జడల దూరుతది, నా అరచేతిలనే పంటది. మా అవ్వ దాని పేరు పెట్టి పిలుస్తది. నాకు ఎంత మచ్చికైతే అంత నొప్పి. ఇది ఎట్ల మచ్చికైందో చూపియ్యమన్నామెకే చూపియ్యకుండ ఊరంతటికి చూపెడుతున్న.

ఇప్పుడు ఏడాదైంది. ఈ పది రోజుల సంది అది చక్రం ఎక్కుతలేదు. వీపు మీద బొచ్చు పలుచబడ్డది, ఒక కన్ను మీద తెల్లపొర. గింజ ఒలిచి పెడ్తెనే తింటది. ఏడాదిన్నర, బాగ బతికితె రెండేండ్లంట దాని ఆయుసు. నిన్న మా గుంపు పెద్ద గంగుబాయి ఇంటికొచ్చి చూసింది. ఏందే వనితా, ఎలుక ముసల్దయింది అన్నది. అయింది పెద్దవ్వా అన్న. దీని పానం పోతె ముందుగాల నర్సమ్మకు చెప్పాలెనే, నీకిచ్చిన మనిషి గద, ఆమె గూడ ఏడుస్తది అన్నది. అని, చాయ తాగి పోయింది.

ఆమెకేం తెల్వది, అన్నది, పోయింది. నాకు అప్పటి సంది మనసు నిలుస్తలేదు. నిజమే, ఇది పోయిన్నాడు నేను ఎవలకు చెప్పుకోవాలె? ఏడ్సేటామెకు ఒకపారి చెప్పేసిన, ఆమె ఏడుసుడు గూడ అయిపోయింది. ఒకపారి చచ్చిందన్నదాన్ని రెండోపారి చచ్చిందని చెప్పుడు ఎట్ల? ఇన్ని కథలు తెలుసు నాకు, ఆ మాట ఎట్ల చెప్పాల్నో మాత్రం ఏ కథల లేదు. అబద్ధాన్ని ఇంకా నడిపియ్యాల్నంటె నడిపియ్యొచ్చు, నా నోటికి చేతనయితది. కాని దీని దగ్గర అంత టైము లేదు. సిస్టరు తిడ్తదేమో. తిట్టనియ్యి. నీ ముఖం చూడనంటదేమో. నా ముఖం కోసం వద్దు, దాని కోసం రమ్మంట. మంచిర్యాల బస్సు పొద్దున్నే ఉన్నది, ఆమెకు వీలుగాదంటె నేనే డబ్బ ఒడిల పెట్టుకొని పోత. చెయ్యి పక్కకెళ్లి పెట్టు సిస్టర్, మీదికెళ్లి వద్దు అని చెప్త, అది అరచేతిల కూసునుడు ఆమె గూడ ఒక్కసారి చూడాలె.

మీరు ఊ కొట్టుడు ఆపుండ్రి ఇగ. ఆమె డ్యూటీ దిగే యాల్లయింది. నేను ఫోను చేస్తున్న.