ఇద్దరు మగాళ్లు, ఐదు గుడ్లు

కొత్తపేటలో బాలకృష్ణ ఇంటి మిద్దె. ఆయన పక్షుల పందిరికి కొట్టిన జాలీ విప్పుతుంటే, వనస్థలిపురం నుంచి సూర్యప్రభ వచ్చింది.

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి! కాళ్ల కింద మొలలున్నయ్."

"చూసుకునే వస్తున్నానండీ. మీరు ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి."

"మీరెట్లొచ్చిండ్రు ఈడికి? అడ్రస్ ఎవరిచ్చిండ్రు?"

"మన ఫించ్ పక్షుల వాట్సాప్ గ్రూపులో బాలకృష్ణగారిల్లు తెలియనిదెవరికి? రైతుబజార్ వెనక వీధి, మిద్దె మీద పచ్చ నెట్టు."

"గా గ్రూపుల నుంచి మీరు ఎల్లిపోయి ఆర్నెల్లాయె."

"వెళ్ళిపోలేదు. ఫోన్ మారింది."

"ఫోన్ మారితే 'లెఫ్ట్' అని పడదు మేడం."

"బాలకృష్ణగారూ, నేను పోట్లాడ్డానికి రాలేదు. ఇదిగో, ఈ డబ్బా పట్టుకోండి. మెల్లిగా. ఊపకండి."

"ఏంది గిది? మిఠాయా?"

"గుడ్లు. గోల్డియన్ ఫించ్‌వి. ఐదు."

"గుడ్లా! ఆటోల తెచ్చిండ్రా?"

"ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగిపోయాం. డబ్బాని కొంగులో చుట్టి, పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. ఆటో అతను కడుపునొప్పా అమ్మా అని రెండుసార్లు అడిగాడు."

"ఇంత పరేషాన్ అయ్యి ఎందుకు తెచ్చిండ్రు?"

"తల్లి పోయిందండీ."

"అయ్యో. ఎప్పుడు?"

"నిన్న. నిన్న సాయంత్రం."

"ఏమైంది?"

"జ్వరం."

"పక్షికి జ్వరమా?"

"అంటే, గుడ్డు అడ్డం పడింది."

"ఐదు పెట్టి, మంచిగ పొదుగుతా పొదుగుతా ఉంటే, ఆరోది అడ్డం పడ్డదా?"

"పడింది అంటున్నాగా."

"మరి మగది?"

"దిగులుగా ఉంది. ఏమీ తినట్లేదు."

"మీ తాన బెంగలీస్ ఫించ్‌లు ఉండెగా. అవి ఎవరి గుడ్లు పెట్టినా పొదుగుతయ్. వాటి కింద పెట్టకపోయిండ్రా?"

"వాటికి పనుంది."

"ఏం పని?"

"వాటి గుడ్లు వాటికున్నాయి. ఎన్ని ప్రశ్నలండీ బాబూ! ఇక్కడ ఇవి చల్లబడిపోతుంటే."

"చూడుండ్రి మేడం, నా తాన ఇప్పుడు ఏం లేవు. పందిరి ఖాళీ. పిల్లి పడ్డది."

"విన్నాను."

"లోపలికి రాలే అది. జాలీ మీదికెక్కి ఊగింది, గంతే. తెల్లారక ముందు మబ్బుల అవన్నీ బెదిరి లేచి, గోడకు కొట్టుకొని, జాలీకి కొట్టుకొని... నేను దాణా తీస్కొని వస్తే కింద పడి ఉన్నయ్. ముప్పై ఆరు. ఒక్కొక్కటి లెక్కపెట్టిన."

"అయ్యో..."

"ఇగ అనుండ్రి."

"ఏమనాలి?"

"బయట పందిరి కట్టేవాళ్లు రెండు వరసల జాలీ కొట్టాలె, నడుమ జానెడు జాగ ఇడవాలె అని మీరు గ్రూపుల చెప్పిండ్రు. నేనేమన్న? బెడ్రూంల పంజరాలు పెట్టుకున్నోళ్లు నాకు జాలీ గురించి చెప్పుడేంది అన్న. నలభై మంది పండ్లికిలించే బొమ్మలు పెట్టిండ్రు. గందుకే కద మీరు పోయిండ్రు? ఇప్పుడు మీ మాటనే నిజమైంది. అనుండ్రి, వింట."

"మీ దగ్గర దూది ఉందా?"

"దూదా?"

"ఇందులో దూది నా చెమటకి తడిసిపోయింది. పొడిది కావాలి."

"ఉన్నది. ఆగుండ్రి."

"ఒక్క పక్షి కూడా మిగల్లేదా?"

"రెండున్నయ్. గా మూలకు కుండ కనవడుతుంది చూడుండ్రి, దాంట్ల. బెంగలీస్‌లే. రాత్రి వాటి కుండల పండుకుంటయ్, గందుకే బతికినయ్. కానీ మీకు పనికిరావు."

"ఎందుకని?"

"రెండు మగయే."

"ఖాయమా?"

"రెండు పాడుతయ్ మేడం. ఆడది పాడదు కద. జోడీ అని నమ్మి తెచ్చుకున్న. నాలుగేండ్లు ఎదురుచూసిన, ఒక్క గుడ్డు లేదు. ఒకడు పాట ఎత్తుకుంటే ఇంకోడు పోటీకి ఎత్తుకుంటడు. పొద్దంత గదే పని."

"ఇప్పుడు పాట వినపడట్లేదే?"

"ఇప్పుడు పాడరు. ఇప్పుడు కూసున్న కుండ వాళ్లది కాదు, జీబ్రా ఫించ్‌లది. తల్లి, తండ్రి ఇద్దరు పోయిండ్రు. నాలుగు గుడ్లు మిగిలినయ్. అవి గూడ సల్లబడి పాడైపోయినయ్. గీళ్లిద్దరు పోయి వాటి మీద కూసున్నరు. పది దినాలైంది. కుండ తీద్దామని చెయ్యి పెడితే పొడుస్తున్నరు."

"మరింకేం!"

"ఏం ఇంకేం? మగోళ్లు అంటుంటే!"

"మగాళ్లయితే? బెంగలీసుల్లో మగవీ పొదుగుతాయి. మా ఇంట్లో మూడో పంజరంలో ఇద్దరు మగాళ్లే కలిసి నాలుగు పిల్లల్ని పెంచారు."

"మేత గూడ పెడ్తరా?"

"పెడతారు. పిల్లలు నోరు తెరిచి అడగాలి, అంతే. మా ఆయన కూడా అడిగితే ఏ పనైనా చేస్తారు."

"నాకు నమ్మకం లేదు మేడం."

"మీకు ఉండక్కర్లేదు. వాళ్లకుంటే చాలు. గుడ్ల వెనక ఫోన్ లైట్ వెయ్యండి, ఏవి బతికున్నాయో చూద్దాం."

"ఆగుండ్రి, ఈ నీడకు రండ్రి. ఊ... ఇది ఖాళీ. లోపల ఏం లేదు."

"రెండోది?"

"దీంట్ల... ఎర్ర గీతలున్నయ్. సాలెగూడు లెక్క. నడుమ చుక్క."

"ఆ చుక్కని చూడండి."

"కొట్టుకుంటుంది."

"కదా?"

"గింతంత ఉన్నది మేడం! మిరపగింజంత లేదు. కొట్టుకుంటుంది!"

"మిగతా మూడూ చూడండి."

"ఇది ఉన్నది. ఇది ఉన్నది. ఇది గూడ... ఉన్నది, ఉన్నది. నాలుగు."

"సరే. నిచ్చెన ఎక్కి పెట్టండి."

"నేనా? నేను ముట్ట. మీరే పెట్టుండ్రి. నా చెయ్యి మంచిది కాదు."

"నాకు మోకాళ్ల నొప్పులు. ఎక్కితే దిగలేను. తర్వాత నన్ను దించడానికి మీ వీధంతా రావాలి."

"మేడం..."

"చల్లబడిపోతున్నాయి బాలకృష్ణగారూ."

"సరే సరే. నిచ్చెన పట్టుకోండ్రి. ...జరుగు రా, జర జరుగు. అబ్బ! పొడిచిండు."

"ఆ పాడైపోయినవి తీసేసి ఇవి పెట్టండి."

"పెట్టిన. ఒకడు బయటకొచ్చిండు. చూస్తుండు. తల అటు తిప్పుతుండు, ఇటు తిప్పుతుండు."

"కదలకండి."

"లోపలికి పోయిండు. ఇంకోడు గూడ. మేడం! ఇద్దరు ఒక్కసారే కూసున్నరు! కుండల జాగ లేదు, ఒకని తోక బయటనే ఉన్నది!"

"నవ్వకండి, నిచ్చెన ఊగుతోంది."

"నేను నవ్వుతలే."

"సరే, నవ్వట్లేదు. దిగండి. ఈ జాలీ సంగతేంటి మరి?"

"రేపు మధు అని ఒకాయన వస్తడు, పెద్ద అంబర్‌పేట్ నుంచి. ఆయనకు కోళ్ల షెడ్డుకు కావాల్నంట. మొత్తం ఊడదీసి తీస్కపోతడు. కుండను నేను ఇంట్లకు తీస్కపోత."

"కుండ కదిపితే వీళ్లు లేచిపోతారు. మళ్ళీ కూర్చోరు."

"అయితే ఎట్ల?"

"మధుగారిని ఆగమనండి. ఓ పది రోజులు."

"పదేనా?"

"గుడ్లు పగలడానికి పది. పిల్లలు గూడు దాటడానికి ఓ మూడు వారాలు. ఆ తర్వాత సొంతంగా గింజలు ఒలుచుకోవడానికి..."

"మేడం, మీరు రెండు నెలలు చెప్తున్నరు."

"నేను పదే అన్నాను. మిగతావి పక్షులు అంటున్నాయి."

*

"హలో మేడం, నేను బాలకృష్ణను. పండుకున్నరా?"

"మధ్యాహ్నం పన్నెండింటికి ఎందుకు పడుకుంటానండీ? చెప్పండి. గుడ్లు?"

"గుడ్లు మంచిగున్నయ్. ఒకడు తినడానికొస్తే ఇంకోడు కూసుంటుండు. వంతులు తప్పుతలేరు. ఫోన్ చేసింది... జానెడు అన్నరు కద మీరు. ఎవరి జానెడు? మీదా, నాదా?"

"దేనికండీ?"

"ఏం లేదు. ఊరికె."

"ఊరికేనా?"

"రెండో వరస జాలీ కొడుతున్న. గా కుండ ఉన్న మూలకే. గంతే. పందిరి మొత్తం కాదు."

"ఆహా."

"ఆహా ఏంది?"

"ఏం లేదండీ. మీ జానెడే."

*

"మేడం! అయినయ్! మూడు!"

"మెల్లిగా చెప్పండి. మూడు పగిలాయా?"

"మూడు. నాలుగోది లోపలనే పోయింది. ఒంటి మీద నూలుపోగంత ఈక లేదు, గులాబీ రంగుల ఉన్నయ్, నోరు మాత్రం తెరుస్తున్నయ్. మేడం, నోటి మూలలకు నీలం పూసలున్నయ్! మెరుస్తున్నయ్!"

"గోల్డియన్ పిల్లలకి అలాగే ఉంటాయి. గూట్లో చీకటి కదా, మేత ఎక్కడ పెట్టాలో పెద్దవాటికి తెలియడానికి."

"అవునా! నేను రోగమనుకున్న. పొద్దటి నుంచి తిండి సయిస్తలే నాకు."

"మేత పెడుతున్నారా మరి మగాళ్లు?"

"పెడుతున్నరా? ఒకడు కొర్రలు మింగుడు, ఉరుకుడు, పిల్లల నోట్ల కక్కుడు. ఇంకోడు గుడ్డు సొన ముక్క తినుడు, ఉరుకుడు, కక్కుడు. కొట్లాడుకుంటున్నరు మేడం, నేను ముందు పెడ్త అంటే నేను ముందు పెడ్త అని. మా ఇంట్ల ఆడోళ్లందరు మిద్దె మీదికొచ్చి చూస్తున్నరు. నాకు ఇజ్జత్ లేకుంట అయితుంది."

*

"హలో? బాలకృష్ణగారూ? ఇంత పొద్దున్నే చేశారేంటి? ఏమైంది?"

"ఒకటి పోయింది."

"ఏది?"

"చిన్నది. నిన్న మంచిగనే ఉండె. పొద్దుగాల చూస్తే కుండ బయట పడేసిండ్రు. నేను చెప్పిన కద మేడం, నా చెయ్యి మంచిది కాదని. మిగిలిన రెండిటిని మీరొచ్చి తీస్కపోండ్రి. మధుకు ఫోన్ చేస్త."

"నా దగ్గర ఈ సంవత్సరం ఎన్ని పిల్లలు పోయాయో మీకు తెలుసా?"

"మీ తాన పోతయా? గ్రూపుల మీరు పెట్టిన ఫొటోలల్ల ఎప్పుడు నిండుగుండేవి."

"బతికినవాటికే ఫొటోలు తీస్తానండీ. పోయినవాటిని బాల్కనీలో తులసి కుండీ పక్కన కుండీలో పెడతాను. ఆ కుండీలో బంతి ఎంత విరగబూస్తుందో అందరూ అడుగుతారు. ఏం వేస్తున్నావు ఎరువు అని. ఏం చెప్పమంటారు?"

"పదకొండేండ్ల నుంచి పెంచుతున్నరు కద మీరు?"

"పదకొండేళ్ల నుంచీ పోతున్నాయి. ఆ రెండు ఎలా ఉన్నాయి, అది చెప్పండి."

"తింటున్నయ్."

"మగాళ్లు?"

"వాళ్లకేం. వాళ్లు ఆగుతలేరు."

"మరి మీరెందుకు ఆగుతారు?"

"మేడం, గుడ్డు పెంకు పొడి కొట్టి ఇయ్యొచ్చా వాళ్లకు?"

"ఇవ్వచ్చు. ఉడకబెట్టి, ఎండబెట్టి కొట్టండి."

*

"హలో, మేడం?"

"ఆవిడ స్నానానికి వెళ్లిందండీ. నేను మల్లికార్జునరావుని, వాళ్లాయన్ని. ఎవరండీ?"

"నేను కొత్తపేట బాలకృష్ణను అన్నా."

"ఓహో, మీరా! మా ఇంట్లో రోజూ మీ పేరేనండీ. బాలకృష్ణగారి జాలీ, బాలకృష్ణగారి కుండ. నా పేరు పిలిచి రెండు నెలలైంది."

"ఏదో మేడం దయ అన్నా. పిల్లలు సొంతంగ ఒలుచుకొని తింటున్నయ్ అని చెప్పుండ్రి. ఎల్లుండి ఆటోల తీస్కస్త. తల్లి లేని పిల్లలు కద, జర ఎచ్చగున్న మూలకు పంజరం పెట్టమనుండ్రి."

"తల్లి లేకపోవడమేంటండీ?"

"గదే అన్నా, గుడ్డు అడ్డం పడి సచ్చిపాయె కద, మీ గోల్డియన్."

"ఏది, ఎర్ర తలదా? అది నిక్షేపంగా ఉందండీ. ఇదిగో, నా ఎదురుగా తోటకూర పీకుతోంది."

"మరి మేడం..."

"ఆవిడే తీసిందండీ దాని కింద నుంచి. ఆ పొద్దున ఎవరో ఫోన్ చేసి చెప్పారు, మీరు జాలీ అమ్మేస్తున్నారని. ఐదూ తీసి డబ్బాలో పెట్టేసుకుంది. నేను కేకలేశాను కూడా. పాపం రెండ్రోజులు గూడంతా వెతుక్కుందండీ ఆ పక్షి. 'మీరు ఊరుకోండి, అది మళ్ళీ గుడ్లు పెట్టుకుంటుంది, ఆయన మళ్ళీ పక్షుల్ని పెట్టుకోడు' అంది మా ఆవిడ."

"పక్షి సచ్చిపోయిందనే చెప్పింది అన్నా మేడం."

"అయ్యో, ఇది మీకు తెలీదా? నేను చెప్పకూడదేమో. ఇదిగో, వచ్చేస్తోంది. ఫోన్ ఇమ్మంటారా?"

"వద్దు. వద్దన్నా. పిల్లలు తింటున్నయ్ అని గంతే చెప్పుండ్రి. ఆ పక్షి సచ్చిపోయింది. మీరు నాకేం చెప్పలే, నేనేం వినలే."